సింహాచలమ్మగారి గర్భసంచి తిరిగొచ్చిన రోజు

దెయ్యాలు శ్మశానాల్లోనూ పాడుబడ్డ మేడల్లోనూ ఉంటాయని మీకెవరైనా చెబితే నమ్మకండి. వాళ్ళు పాతకాలం వాళ్ళు. నేను దెయ్యాన్ని చూసింది భిలాయిలో, సుపేలా మెయిన్ రోడ్డు మీద, కింద మొబైల్ కవర్ల కొట్టూ ముందు సమోసాల బండీ ఉన్న మేడలో, పట్టపగలు, ఆటోల హారన్ల నడుమ. అదీ ఒక పెద్దావిడ పొత్తికడుపులో. చూసి ఊరుకున్నానా? దాని ఒంట్లో ఏ హార్మోను పనిచేస్తోందో, దానికి నెలలో ఎన్నో వారం నడుస్తోందో కూడా చెప్పాను. దెయ్యానికి నెలసరి లెక్క కట్టిన డాక్టరు ఈ దేశంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆ పూట స్కాన్ తీసే ప్రోబు నేను పట్టుకున్నాను, ప్రాబ్లం నన్ను పట్టుకుంది. ఎంత పెద్ద గొయ్యి తవ్వుకుని అందులో ఎంత దర్జాగా దిగానో చెబుతాను. నవ్వితే నవ్వండి గానీ, చదివేటప్పుడు గదిలో లైటు మాత్రం ఆర్పకండి.

అప్పటికి నేను ఎంబీబీఎస్ ముగించి, రాజ్యలక్ష్మి మేడమ్ దగ్గర అల్ట్రాసౌండ్ నేర్చుకుంటున్నాను. మేడమ్ సొంత ఊరు విశాఖ, కాపురం భిలాయి, గొంతు మాత్రం స్టీలు ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేస్. ఆవిడ స్కానింగ్ సెంటర్లో రెండు గదులు. మొదటిది ఆవిడది. రెండో గదిలో మెషీన్ ఉంది, బల్ల ఉంది, ఏసీ ఉంది; డాక్టరు లేడు. ఆ ఖాళీ కుర్చీ కేసి నేను రోజూ పెళ్ళికాని పిల్ల నగల కొట్టు కేసి చూసినట్టు చూసేదాన్ని.

ఒక శుక్రవారం మేడమ్ నన్ను పిలిచి అన్నారు:

"హైమా, సోమవారం నుంచి రెండో గది తెరుద్దామనుకుంటున్నాను. నీకిస్తే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నా."

"బాగుంటుంది మేడమ్!"

"నిన్నడగలేదు. రేపు ఆ గదిలో నువ్వొక్కదానివే కూర్చో. ప్రతి పేషెంటునీ నీ తర్వాత నేను మళ్ళీ చూస్తాను. నువ్వు చూసిందీ నేను చూసిందీ కలిస్తే సోమవారం గది నీది. కలవకపోతే నా వెనకాల స్టూలు నీది. ఇంకో ఏడాది."

ఆ స్టూలు గురించి మీకు తెలీదు. దానికి ఒక కాలు పొట్టి. ఏడాదంటే నా నడుం కూడా దాని దారే పట్టేది.

ఇక్కడ మేడమ్ చదువు చెప్పే పద్ధతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే నా పతనానికి పునాదిరాయి అదే. ఆవిడ సూత్రం: "ముందు చూడు, తర్వాత అడుగు." పేషెంటు వయసు, నెలసరి తేదీ, ఆపరేషన్లు ఏవీ ముందుగా అడగకూడదు. తెర మీద కనిపించినదాన్ని బట్టి నీకేమనిపిస్తోందో మనసులో తేల్చుకుని, ఆ తర్వాత అడిగి సరిచూసుకోవాలి. మనసులో, అన్నది గమనించండి. నేను గమనించలేదు.

ఆడవాళ్ళ పొత్తికడుపు తెర మీద ఎలా ఉంటుందో మేడమ్ మొదటిరోజే బొమ్మ గీసి చూపించారు. కడుపునిండా నీళ్ళు తాగి వస్తారు కాబట్టి, మూత్రాశయం నిండు నుయ్యిలా నల్లగా నిగనిగలాడుతుంది. అది కిటికీ. కిటికీ వెనక బూడిదరంగులో ఒత్తిగిలి పడుకున్న బేరిపండు ఉంటుంది, గర్భసంచి. అటొకటి ఇటొకటి బాదంకాయల్లా అండాశయాలు. గర్భసంచి నడుమ నిలువునా ఒక పొర. ఆ పొరే క్యాలెండరు. నెలసరి అయిపోగానే సన్నటి గీతలా ఉంటుంది. మెదడు అడుగున శనగగింజంత పిట్యూటరీ గ్రంథి కూర్చుని కబురంపితే, అండాశయంలో చిన్న నీటిబుడగ పెరుగుతుంది, ఈస్ట్రోజన్ ఊరుతుంది, పొర మూడు గీతలుగా విచ్చుకుంటుంది. అండం విడుదలయ్యాక ఆ పగిలిన బుడగే ప్రొజెస్టరాన్ తయారుచేస్తుంది. అప్పుడు పొర గేదెపాల మీగడలా తెల్లగా, మందంగా పేరుకుంటుంది. ఎవరూ రాకపోతే రెండు హార్మోన్లూ సెలవు తీసుకుంటాయి, మీగడ జారిపోతుంది, కథ మళ్ళీ మొదటికి.

ఈ క్యాలెండరు చదవడం నాకు అబ్బింది. మనసులో ఉంచుకుంటే ఎవరికి తెలుస్తుంది? పైకే అనేసేదాన్ని. "మీకు నెలసరి వచ్చి రెండు వారాలైంది కదూ?" అని నేననడం, వాళ్ళు కళ్ళింత చేసుకుని "మీకెలా తెలుసు?" అనడం, నేను వినయంగా నవ్వడం. ఆ వినయం కోసం ఇంట్లో అద్దం ముందు సాధన చేశానంటే మీరు నమ్మాలి. పేషెంట్లని పిలిచి పడుకోబెట్టే సావిత్రి దీదీ అందరితో, "హమర్ నోనీ తో బైగిన్ హే!" అని చెప్పేది. అంటే మా పిల్ల బైగిన్ అని. బైగాలంటే ఇక్కడి పల్లెల్లో మంత్రం వేసి దెయ్యాన్ని దించేవాళ్ళు. దించడం సంగతి అలా ఉంచండి, ఎక్కించడం నాకు బాగా వచ్చని శనివారం తేలింది.

ఆ రెండో గది గురించి కూడా చెప్పాలి. స్కానింగ్ గదికి పగలుండదు. కిటికీ అద్దాలకి నల్లకాగితం, దాని మీద నల్ల తెర. బయట సుపేలా అంతా ఎండలో వేగుతుంటే లోపల అమావాస్య. తెర వెలుగు ఒక్కటే మొహాల మీద కిందినుంచి పడుతుంది. అందులో అందగత్తె కూడా అప్పుడే గోతిలోంచి లేచినట్టుంటుంది. మెషీన్ ఫ్యాను ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు సన్నగా సాగుతుంది. నెలల తరబడి మనిషన్నవాడు కూర్చోని గది కనుక గోడలకి కూడా ఆ ఊపిరే అలవాటైనట్టుంది. నేను లోపలికెళ్ళి తలుపు వేసుకోగానే సమోసాల బండి చప్పుడు ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది.

మొదటి పేషెంటు పూజ. సెక్టర్ 7లో కాపురం, పెళ్ళయి ఏడాది దాటింది. భిలాయిలోనే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు కంటే హిందీ ముందొస్తుంది. అప్పుడప్పుడూ పొత్తికడుపులో నొప్పి. వెంట అత్తగారు సింహాచలమ్మగారు వచ్చి బయట కూర్చున్నారు. ఆవిడకి మూత్రంలో మంట. పనిలో పనిగా ఆవిడకీ స్కాన్ రాశారు.

పూజ కడుపు మీద జెల్ వేసి ప్రోబు ఆనించాను. అన్నీ పుస్తకంలోలాగే ఉన్నాయి. నల్ల నుయ్యి, బేరిపండు, మీగడలాంటి తెల్లటి పొర, కుడి అండాశయంలో అండం విడుదలైన ఆనవాలు. ఇంకేం, బైగిన్ నిద్రలేచింది.

"పూజా, నీకు నెలసరి వచ్చి మూడు వారాలవుతోంది కదూ?"

"హాయ్‌రామ్! సచ్చీ దీదీ, ఎలా తెలిసింది మీకు?"

"నీ కుడి అండాశయం చెప్పింది," అన్నాను, సాధన చేసిన వినయంతో.

"దీదీ, నాకు మళ్ళీ ఒకసారి చూపించరా? ప్లీజ్. నా లోపల ఇంత సుందర్‌గా ఉంటుందా?"

అడగాలే గానీ! ఫ్రీజ్ నొక్కి బొమ్మ ఆపి, అంతకుముందు తీసిన ముక్కని మళ్ళీ మళ్ళీ ఆడేలా పెట్టి, వేలితో ఒక్కొక్కటీ చూపించాను. పూజ కాసేపు మురిసిపోయి, ఆ తర్వాత ఒక్కసారిగా దుప్పటి విసిరేసి, "దీదీ, బాత్‌రూమ్!" అని పరుగెత్తింది. తాగిన నీళ్ళు కూడా సుందరమే, ఎంతసేపని ఆగుతాయి?

పూజ వెళుతూ వెళుతూ అత్తగారి చెవిలో ఊదింది. అది నాకు వినబడింది కూడా: "అత్తమ్మా, ఆ దీదీకి అన్నీ తెలిసిపోతాయి. ఏక్ దమ్ జోస్యం!"

సింహాచలమ్మగారు లోపలికొచ్చారు. బొద్దుగా, పొట్టిగా, కాసంత బొట్టుతో, నోరు గట్టిగా బిగించుకుని. ఆ నోరు ఎందుకు బిగించారో నాకు తర్వాత తెలిసింది. "ఏటీ సెప్పకండ ఉందుం. ఈ గుంట ఏటి కనిపెడతాదో సూద్దుం," అని నన్ను పరీక్షించడానికి. అటు మేడమ్ పరీక్ష, ఇటు ఈవిడ పరీక్ష. నడుమ నేను, ఎవరినీ ఏమీ అడగకూడదన్న సూత్రంతో.

సావిత్రి దీదీ ఆవిడని పడుకోబెట్టి, దుప్పటి కప్పి, లైటు తీసేసి వెళ్ళిపోయింది. ఒకే ఇంటి మనుషులు, ఒకే ఇంటిపేరు. మెషీన్‌లో కొత్త పేరు తర్వాత కొట్టుకోవచ్చులే అనుకుని, జెల్ పూసి, ప్రోబు ఆనించి, తెరకేసి తిరిగాను.

ఆనించానో లేదో, గర్భసంచి ప్రత్యక్షం.

ఆహా, ఏం చెయ్యి నాది! మేడమ్ కూడా కాసేపు అటూ ఇటూ తడుముకుంటారు. నాకు వెతకనక్కర్లేదు, అదే ఎదురొచ్చింది. నల్ల నుయ్యి, బేరిపండు, తెల్లటి మీగడ.

మీగడ?

సింహాచలమ్మగారికి అరవైకి అటూ ఇటుగా ఉంటాయి. ఆ వయసులో పిట్యూటరీ ఎంత అరిచినా అండాశయాలు పలకవు. గర్భసంచి ఎండు ఖర్జూరంలా ముడుచుకుపోవాలి, లోపలి పొర దారప్పోగులా ఉండాలి. ఇక్కడ చూస్తే నవయవ్వనంలో ఉన్న గర్భసంచి నిండుగా, నునుపుగా, తొణక్కుండా పడుకుని ఉంది. ఆ ముడతలు పడ్డ కడుపు లోపల, ఆ వయసు కింద, ఎవరో పడుచుపిల్ల దాక్కున్నట్టు.

బుద్ధున్నవాళ్ళు అప్పుడు మెషీన్‌ని అనుమానిస్తారు. నేను ప్రకృతిని అనుమానించాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటాడు చూడండి ఒకడు. నేను పట్టిన అత్తగారికి నెలనెలా అండం విడుదలవుతోందని నిర్ణయించేశాను. ప్రోబు కింద చర్మం మీద అడ్డంగా గీతలా ఒక గట్టిదనం తగిలింది. ఫ్యామిలీ ప్లానింగ్ కుట్లు కాబోలు అని దాన్నీ దాటేశాను.

ప్రోబు ఎడమకి జరిపాను. గర్భసంచి ఎడమకి పోలేదు. కుడికి జరిపాను. పోలేదు. మామూలుగా చెయ్యి కదిపితే బొమ్మ జారిపోవాలి. ఇది జారడం లేదు. నేను ఎటుపోతే అటు నాతోనే వస్తోంది. గట్టిగా నొక్కితే నల్లనుయ్యి అణగాలి; అణగలేదు. పైగా ఉండుండి అది ఒక్కసారి సన్నగా ఊగుతోంది. ఆగుతోంది. మళ్ళీ ఊగుతోంది. ఊగిన ప్రతిసారీ దాని వెనక ఒకే చోట, ఒకే చిన్న మెరుపు, చీకట్లో ఎవరో కన్ను తెరిచి మూసినట్టు.

నా వీపు మీద ఏసీ గాలి కాకుండా ఇంకేదో చల్లగా పాకింది. అయినా, గది నాది కావాలి కదా. గొంతు సవరించుకుని అన్నాను:

"అమ్మా, మీకు నెలసరి వచ్చి మూడు వారాలైంది."

బల్ల కిర్రుమంది. తర్వాత చీకట్లోంచి మెల్లగా:

"నాకేటి?"

"మీ గర్భసంచి చాలా ఆరోగ్యంగా ఉంది. లోపలి పొర చక్కగా..."

"గర్భసంచా? ఉన్నాదేటి?"

"ఉందమ్మా. ఇదుగో."

సింహాచలమ్మగారు మోచేతి మీద లేచి తెరకేసి చూశారు. తెర వెలుగులో ఆవిడ మొహం బూడిదరంగుకి తిరిగింది.

"తల్లీ, అది నాకు లేదు. పూజ మొగుడు బడికెల్లే రోజుల్లోనే తీసీసారు."

ఫ్యాను ఊపిరి తీసింది. తెర మీద అది ఊగింది. మెరిసింది.

"తీ...సేశారా?"

"తీసీసి ట్రేలో ఎట్టి మా ఆయనకి సూపించారు. నానూ సూసేను. ఎర్రగా, సిన్న జాంపండంత ఉన్నాది. ఇద్దరు పిల్లల్ని మోసినాది గదా, ఒకపాలి ముట్టుకుందుమా అనిపించింది. నర్సమ్మ కేకలేస్తాదని ఊరుకున్నాను. తీసుకెల్లిపోనారు." ఆవిడ గొంతు ఇంకా తగ్గించారు. "మల్లీ మొలుస్తాదేటి తల్లీ?"

వైద్యశాస్త్రంలో దీనికి సమాధానం ఉంది. ఆ క్షణంలో అది నా నోటికి రాలేదు. వచ్చింది మాత్రం ఇది: "మామూలుగా... మొలవదండి."

"మరి వొచ్చినాది గదా."

"వచ్చింది... కదండీ."

"అంత పడుసుగా వొచ్చిందేటి? నాను ముసల్దాన్నయిపోనాను, దానికి వయసు రాలేదేటి?" ఆవిడ తెరకేసి వంగి, పొరుగింటి పిల్లని పలకరించినట్టు, "ఎక్కడున్నావే ఇన్నాల్లూ?" అన్నారు.

సరిగ్గా అప్పుడే అది ఊగింది. అవునన్నట్టు.

చదువుకున్నదాన్ని, పాఠం మరచిపోకూడదని, "ముందు చూడు, తర్వాత అడుగు" అని గొణుక్కున్నాను. చూశాను. అడగడానికి మాత్రం ఎవరిని అడగాలి? తెర మీద ఉన్నదాన్నా? పిలిస్తే పలికేవాడు దేవుడంటారు. ఇది పిలవకుండానే వచ్చిన బాపతు. నాకు తెలియకుండానే చెయ్యి పైకి లేచిపోయింది. ప్రోబు కడుపు మీదనుంచి విడిపోయింది. జెల్ బొట్టు ఒకటి దాని అంచున సాగి, టప్‌మని నేల మీద పడింది.

తెర మీద గర్భసంచి అలాగే ఉంది.

ఎవరి కడుపు మీదా ప్రోబు లేదు. అయినా అది ఊగుతోంది. మెరుస్తోంది. ఊపిరి తీస్తోంది.

ముందు చూసింది సింహాచలమ్మగారే. చెయ్యెత్తి, వేలితో నా చేతిలోని ప్రోబు కేసి చూపించారు. అది ఎటు తిరిగి ఉందో నేను అప్పుడు చూసుకున్నాను. నా పొత్తికడుపు కేసి.

"ఓలమ్మో," అన్నారావిడ, చాలా నెమ్మదిగా. "నాలోంచి నీలోకి వొచ్చీసింది."

నేను అరిచిన అరుపు గురించి సమోసాల బండివాడు ఇప్పటికీ అడుగుతాడు. నా అరుపుకి సింహాచలమ్మగారు అరిచారు. మా ఇద్దరి అరుపులకీ బయట ఉన్న పూజ, ఏమైందో తెలీకపోయినా, ఇంటి పరువు కోసం తనూ అరిచింది. నేను కుర్చీలోంచి లేవబోయి ప్రోబు తీగలో కాలు చిక్కుకుని, బల్ల అంచు పట్టుకోబోయి జెల్ బాటిల్ పట్టుకుని, మొత్తం బాటిలుతో సహా కింద కూర్చున్నాను. నేల మీద జెల్, జెల్ మీద నేను. లేచినకొద్దీ జారుతున్నాను. పైన చీకట్లో తెర మీద అది తాపీగా ఊగుతూనే ఉంది.

తలుపు భళ్ళున తెరుచుకుంది. లైటు వెలిగింది.

"కా హోగే? కా హోగే నోనీ?" అంటూ సావిత్రి దీదీ. ఏమైందని ఏం చెప్పను? వెనకాలే రాజ్యలక్ష్మి మేడమ్. నేల మీద నన్ను చూశారు. బల్ల మీద రెండు చేతులూ జోడించి కూర్చున్న సింహాచలమ్మగారిని చూశారు. తెర చూశారు.

"మేడమ్," అన్నాను నేలమీదనుంచే, "తీసేసిన గర్భసంచి... కనబడుతోంది. ప్రోబు తీసేసినా పోవడం లేదు."

మేడమ్ ముందుకొచ్చారు. నా తల మీదుగా చెయ్యి చాచి, మెషీన్ మీద ఒకే ఒక మీట నొక్కారు.

గర్భసంచి మాయమైపోయింది. తెర నల్లబడింది.

"హైమా. ఈ మీట పేరేమిటి?"

"ఫ్రీజ్, మేడమ్."

"ఇందాక బొమ్మ కింద ఒక పసుపు గీత అటూ ఇటూ పరిగెత్తుతూ ఉంది, చూశావా?"

"చూళ్ళేదు మేడమ్."

"పైన పేరు?"

అదీ చూళ్ళేదు మేడమ్ అని చెప్పే ధైర్యం లేక జెల్ కేసి చూశాను. పైన పూజ పేరు ఉంది. నేను ఇంతసేపూ భక్తిగా చూసింది పూజ గర్భసంచి. మురిపెంగా తిప్పి తిప్పి చూపించిన ఆ ముక్క, ఆపడం మరచిపోతే, నేను ఎవరి మీద ప్రోబు పెట్టినా, అసలు ఎవరి మీదా పెట్టకపోయినా, అదే ఊపు ఊగుతూ, అదే మెరుపు మెరుస్తూ ఆడుతూనే ఉంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. నేను కోడలి సొమ్ము తీసి అత్తగారి కడుపులో పెట్టేశాను, ఇద్దరి సంతకాలూ లేకుండా.

"ఈ గదిలో దెయ్యం ఉందమ్మా," అన్నారు మేడమ్ సింహాచలమ్మగారితో, చాలా మర్యాదగా. "తెల్లకోటు వేసుకుని, కింద కూర్చుని ఉంది. మీరు భయపడకండి. నేను చూస్తాను, పడుకోండి."

మేడమ్ మళ్ళీ చూశారు. నన్ను లేపి పక్కన నిలబెట్టి చూపించారు. నల్ల నుయ్యి ఉంది. దాని వెనక బేరిపండు ఉండాల్సిన చోట ఏమీ లేదు. పేగులు ఆ జాగాలోకి జరిగి, నెమ్మదిగా, వాటి పని అవి చేసుకుంటున్నాయి. మనుషులు వెళ్ళిపోయిన ఇంట్లోకి పక్కింటివాళ్ళు సామాన్లు జరుపుకున్నట్టు. నిజం చెబుతున్నాను, ఇందాక ఉన్నదాన్ని చూసినప్పటి కంటే ఇప్పుడు లేనిదాన్ని చూస్తుంటే నాకు ఎక్కువ గుబులేసింది.

"ఎల్లిపోనాదా?" అన్నారు సింహాచలమ్మగారు.

"అసలు రాలేదమ్మా. అది మీ కోడలిది. మీకు మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నట్టుంది, పరీక్ష చేయించి మందులు వాడితే సరిపోతుంది."

ఆవిడ తెరకేసి మరోసారి చూశారు. "అలగా," అని, ఎందుకో కొంచెం నిరాశగా, దుప్పటి తీసి లేచారు.

సాయంత్రం మేడమ్ రెండో గదికి తాళం వేశారు. ఏమీ అనలేదు. ఆవిడ తిట్టకపోవడం ఎంత పెద్ద తిట్టో ఆవిడ దగ్గర పనిచేసినవాళ్ళకి తెలుసు. ఆదివారమంతా నేను పొట్టికాలు స్టూలుతో ఏడాది కాపురం ఎలా చెయ్యాలా అని ఆలోచిస్తూ గడిపాను.

సోమవారం పొద్దున్న సెంటర్‌కి వెళ్ళేసరికి మెట్ల మీద జనం. అందరూ ఆడవాళ్ళే, అందరూ చేతుల్లో నీళ్ళ బాటిళ్ళు పట్టుకుని గుటకలేస్తున్నారు. సెక్టర్ 7 తెలుగువాళ్ళు సగం, మిగిలిన సగం వాళ్ళ చుట్టాలు, పక్కాలు. నేను కనబడగానే ఒకావిడ ఇంకొకావిడని మోచేత్తో పొడిచింది. "ఈ గుంటే."

మేడమ్ తన గదిలో తల పట్టుకుని కూర్చుని ఉన్నారు.

"ఏమైంది మేడమ్?"

"మీ సింహాచలమ్మగారు నిన్న కాలనీ అంతా తిరిగారట. 'ఆ కొత్త డాక్టరమ్మ నా గర్భసంచి నాకు సూపించింది. కాసేపుండి ఎల్లిపోనాది గాని, ఓపాలైతే వొచ్చింది,' అని చెప్పారట. గర్భసంచి తీయించుకున్న వాళ్ళందరూ వచ్చారు. వాళ్ళదీ వచ్చిందేమో చూసుకోవడానికి."

"అయ్యో! మీరు చెప్పలేదా మేడమ్, రాదని?"

"చెప్పాను. నన్ను నమ్మడం లేదు. 'మీకు అవుపడదు, ఆవిడకే అవుపడతాది' అంటున్నారు." మేడమ్ సొరుగు లాగి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. "రెండో గది తీసుకో. ఉందని చెప్పిన నోటితోనే లేదని చెప్పు. అందరికీ. నీ వెనక నేను మళ్ళీ చూడను."

అలా దక్కింది నాకు గది. ఎవరికైనా మొదటిరోజు పూలదండ వేస్తారు. నాకు వరసగా నల్ల నూతులు, వాటి వెనక ఖాళీ జాగాలు. ప్రతి మనిషికీ ముందు పేరడిగి, తెర మీద పేరు చదివి, ఫ్రీజ్ మీట నొక్కి, మళ్ళీ నొక్కి, ప్రోబు గాల్లోకెత్తి తెర నల్లబడిందో లేదో చూసుకుని, అప్పుడు కడుపు మీద ఆనించేదాన్ని. "లేదండి," అనేదాన్ని. కొందరు "హమ్మయ్య" అన్నారు. కొందరు తెరకేసి చూస్తూనే చీర సర్దుకున్నారు.

పక్క ఊరు ఉతై నుంచి వచ్చిన ఈశ్వరి మాత్రం లేవలేదు. నలభై దాటని మనిషి.

"సరిగ్గా సూడు దీదీ. తీసీసినా నెల నెలా అదే రోజుల్లో రొమ్ములు బరువెక్కుతాయి, నడుం లాగుతాది, ఊరికే ఏడుపొస్తాది. నాలుగు రోజులుండి పోతాది. అది లేకపోతే మరి వొచ్చేదేటి? మా ఇంట్లో నాకు గాలి పట్టిందంటన్నారు. బైగాని కూడా పిలిచారు."

అప్పుడు నేను బైగిన్‌లా కాక, డాక్టరులా వెతికాను. గర్భసంచి లేదు. కానీ లోతుగా, ఎడమ పక్క, రక్తనాళాన్ని ఆనుకుని, బాదంకాయంత అండాశయం ఉంది. అందులో నల్లపూసలా ఒక నీటిబుడగ పెరుగుతోంది. ఆ ఖాళీలో ఎవరికోసమో ఎవరో దీపం వెలిగించి పెట్టినట్టు. ఒళ్ళు జలదరించింది, అయితే ఈసారి ఫ్రీజ్ మీట మీద వేలుంచే.

"చూడు ఈశ్వరీ. మీ నాన్నగారు ప్లాంటులో చేసేవారా?"

"రోలింగ్ మిల్లు. రిటైరైపోనారు."

"ఇంకా ఫస్ట్ షిఫ్టుకి లేచిపోతున్నారా?"

"లేచి, తానం సేసి, గేటు దాకా ఎల్లి నిలబడతారు."

"నీ అండాశయం కూడా అంతే. గర్భసంచిని తీశారు గానీ దీన్ని ఉంచారు. మెదడు ప్లాంటు సైరన్‌లా హూటర్ వేస్తోంది, ఇది లేచి హార్మోన్లు తయారుచేస్తోంది, వెళ్ళాల్సిన మిల్లు మాత్రం లేదు. నీకు వచ్చేది ఆ హార్మోన్లే. అది జబ్బు కాదు."

ఈశ్వరి చాలాసేపు ఆ నల్లపూస కేసి చూసింది. "అంటే నాకు దెయ్యం పట్టలేదా?"

"లేదు. అది శనివారం నన్ను పట్టుకుంది. ఖాళీ లేదు దానికి."

ఆ పిల్ల నవ్వింది. గదిలో ఆ రోజు నేను విన్న మొదటి నవ్వు అది.

వరసలో చివరి మనిషిని సావిత్రి దీదీ లోపలికి తెచ్చింది. బొద్దుగా, పొట్టిగా, కాసంత బొట్టుతో. బల్లెక్కి, తనే దుప్పటి కప్పుకుని, తెరకేసి తిరిగి పడుకున్నారు సింహాచలమ్మగారు.

"అమ్మా, మళ్ళీ ఎందుకొచ్చారు? రాదని చెప్పాం కదా."

"నాకు తెల్దేటి? మందులు ఏసుకుంటన్నాను, మంట తగ్గింది." ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "నీల్లు తాగీసాను గదా తల్లీ. ఓపాలి ఎట్టి సూడు. నిన్న నాను ఊరంతా దాని మాటే సెప్పేను, అది వినుంటే?"

కనుక పాఠక మహాశయులారా, శనివారం ఒలికిపోగా మిగిలిన ఆ సగం జెల్ బాటిల్ మీద కుడిచెయ్యి వేసి, ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను. నేటినుంచి పేరు చదవకుండా ప్రోబు ముట్టను. ఎవరు ఎంత బతిమాలినా ఎవరి లోపలి అందాన్నీ తిప్పి తిప్పి చూపించను. తెర మీద గర్భసంచి దానంతటదే ఎదురొచ్చి పలకరిస్తే తిరిగి పలకరించను. ముందు ఫ్రీజ్ మీట, తర్వాత ఆంజనేయస్వామి, ఆ తర్వాతే రాజ్యలక్ష్మి మేడమ్. అన్నిటికంటే ముఖ్యంగా, అడగకుండా జోస్యం చెప్పను. అడిగినా చెప్పను.

సింహాచలమ్మగారికి మాత్రం ఆ రోజు ప్రోబు పెట్టి చూశాను. రాలేదు. పేరు, మీట, అన్నీ సరిచూసుకుని, నిజంగా రాలేదని నిర్ధారించుకున్నాకే లైటు వేశాను. ఒకసారి కాదు. వేసి, మళ్ళీ ఆర్పి, ఇంకోసారి చూసి, అప్పుడు వేశాను.